ఈ హాల్లో ఎంతమంది పడతారు?

సభకో, శిక్షణ తరగతికో, విందుకో ఒక హాలు చూడడానికి వెళ్లిన నిర్వాహకులు మొదట అడిగేది ‘ఇందులో ఎంతమంది పడతారు?’ అనే. యజమాని తడుముకోకుండా ఒక అంకె చెబుతారు. ఆ అంకె అబద్ధం కానక్కర్లేదు. కాకపోతే అది నిలబడేవారి లెక్కా, కుర్చీల లెక్కా, బల్లల లెక్కా అన్న సంగతి, ఎన్ని తలుపులు తెరిచి ఉంటాయని అనుకుని చెప్పారన్న సంగతి దానితోపాటు రావు. ఒకే గదిలో నిలబడితే 300 మంది పట్టవచ్చు, కుర్చీలు వేస్తే 180 దాటకపోవచ్చు, గుండ్రటి బల్లలు వేస్తే 100 లోపే ఆగిపోవచ్చు. కాబట్టి ఒక గదిని కనీసం మూడుసార్లు లెక్కకట్టాలి: విస్తీర్ణాన్ని బట్టి ఒకసారి, కుర్చీల అమరికను బట్టి ఒకసారి, బయటికి పోయే దారులను బట్టి ఒకసారి. ఈ మూడింటిలో అతి చిన్న అంకె ఏదైతే అదే ఆ గది సామర్థ్యం. ఇక్కడ ఒక్క గదినే ఉదాహరణగా తీసుకుని చివరిదాకా దానినే లెక్కకడతాను.

కొలతతో మొదలు

యజమాని చెప్పిన పొడవు వెడల్పులను రాసుకోవచ్చు గాని, మీ టేపుతో మరోసారి కొలవక తప్పదు. చెప్పే కొలతలు చాలాసార్లు గోడ మందంతో కలిపిన బయటి కొలతలై ఉంటాయి, లేదా పక్కనున్న వరండాను కూడా కలుపుకొని ఉంటాయి. చేతిలో టేపు లేకపోతే నేల మీది పలకలను లెక్కపెట్టండి. ఒక పలకను స్కేలుతో కొలిచి, గోడ నుంచి గోడ దాకా ఎన్ని ఉన్నాయో చూసి గుణిస్తే వచ్చే కొలత అడుగులు వేసి చూసుకున్నదాని కంటే నమ్మదగినది. గది తిన్నగా లేకపోతే దానిని దీర్ఘచతురస్రాలుగా విడగొట్టి, ఒక్కొక్కటి విడిగా లెక్కకట్టి కలపాలి. మలుపు తిరిగిన గదిలో మాత్రం వేదిక కనిపించని భాగాన్ని వినోదానికో విందుకో లెక్కలోకి తీసుకోవచ్చు గాని, ప్రసంగానికి తీసుకోకూడదు.

మన ఉదాహరణ గది పొడవు 60 అడుగులు, వెడల్పు 40 అడుగులు, అంటే 2,400 చదరపు అడుగులు. ఒక చివర, 40 అడుగుల గోడకు ఆనుకుని, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతు ఉన్న వేదిక ఉంది. వేదికకు రెండు పక్కలా పదేసి అడుగుల ఖాళీ ఉంటుంది నిజమే, కానీ అక్కడ కూర్చున్నవారికి వక్త ముఖం కాక చెవి కనిపిస్తుంది. అందువల్ల ఆ 10 అడుగుల పట్టీ మొత్తాన్ని తీసివేయడమే మంచిది. వేదికకూ మొదటి వరుసకూ మధ్య 6 అడుగులు వదలాలి. వెనుక గోడ దగ్గర, అంటే ప్రవేశ ద్వారం, పేర్ల నమోదు బల్ల, సౌండ్ పరికరాలు ఉండే చోట, మరో 6 అడుగులు పోతాయి. ఇక మిగిలేది 38 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, అంటే 1,520 చదరపు అడుగులు. ఇంకా ఒక్క కుర్చీ కూడా వేయకముందే గదిలో మూడో వంతుకు పైగా పోయింది. ఖాళీ గదిని చూసి వేసిన అంచనాలు తలకిందులయ్యేది ఎక్కువగా ఇక్కడే.

విస్తీర్ణం చెప్పే అంకె

భవన నిబంధనలు ఒక్కో వాడుకకు మనిషికి ఇంత స్థలం అని ఒక ప్రమాణం పెట్టుకుంటాయి. అమెరికాలో విస్తృతంగా పాటించే అంతర్జాతీయ భవన నిబంధనావళి ప్రకారం, వాడుకకు మిగిలిన స్థలంలో నిలబడే వ్యక్తికి 5 చదరపు అడుగులు, విడి కుర్చీల్లో కూర్చునే వ్యక్తికి 7, బల్లలూ కుర్చీలూ ఉన్నచోట 15 చదరపు అడుగులు లెక్కకడతారు. మన 1,520 చదరపు అడుగులకు ఈ లెక్కన నిలబడితే 304 మంది, కుర్చీల్లో 217 మంది, బల్లల దగ్గర 101 మంది వస్తారు. భారత జాతీయ భవన నిబంధనావళి 2016 కూర్చునే సభాస్థలాలకు మనిషికి 0.6 చదరపు మీటర్లు, భోజనశాలలకు 1.5 చదరపు మీటర్లు చెబుతుంది. మన స్థలం సుమారు 141 చదరపు మీటర్లు కనుక ఆ లెక్కన వరుసగా 235 మంది, 94 మంది. ఇంగ్లండ్‌లో భవనాల అగ్ని భద్రత మార్గదర్శకం సభామందిరానికి మనిషికి అర చదరపు మీటరు చాలునంటుంది, అప్పుడు 282 మంది అవుతారు.

ఒకే స్థలానికి 217, 235, 282 అని మూడు అంకెలు రావడం చూసి ఏది సరైనదని అడగకండి. ఈ ప్రమాణాలు అతిథులు హాయిగా కూర్చోవడానికి పెట్టినవి కావు. గదిలో ఇంతమంది ఉండవచ్చని ముందే ఊహించి, వారందరూ బయటపడడానికి ద్వారాలు సరిపోతాయో లేదో తేల్చడానికి పెట్టినవి. నిర్వాహకులకు విస్తీర్ణపు లెక్క ఒక్క పనికి ఉపయోగపడుతుంది: ఈ హాలు గురించి ఇంకా ఆలోచించడం దండగా కాదా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. 250 మందిని కూర్చోబెట్టవలసిన సభకు 217 వస్తే వెంటనే వేరే హాలు వెతుక్కోవచ్చు. 217 వచ్చింది కాబట్టి 217 కుర్చీలు వేయవచ్చని మాత్రం అనుకోకూడదు.

అందరూ నిలబడే కార్యక్రమాల విషయంలో ఒక హెచ్చరిక చెప్పాలి. గది సగటు ఎంత ఉన్నా జనం సమానంగా పరుచుకోరు. వేదిక ముందో, ఆహారం ఉన్నచోటో, తలుపు దగ్గరో గుమిగూడతారు. జనసమూహాల కదలికను అధ్యయనం చేసిన జాన్ ఫ్రూయిన్, చదరపు మీటరుకు 7 మంది దాకా చేరినప్పుడు జనం ద్రవంలా కదులుతారని, అప్పుడు ఎవరి అడుగులు వారి అదుపులో ఉండవని వివరించారు. చదరపు మీటరుకు నలుగురు దాటిన చోటల్లా నిర్వాహకుల కన్ను పడాలి. నేల మీద ఒక మీటరు చతురస్రం సుద్దముక్కతో గీసి అందులో నలుగురిని నిలబెట్టి చూడండి. ఐదో మనిషి వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో చూశాక ఈ అంకెలు వాటంతట అవే అర్థమవుతాయి.

కుర్చీలు వేసి చూస్తే

ఇప్పుడు కాగితం మీద కుర్చీలు వేద్దాం. మామూలు మడత కుర్చీకి, పక్కవారి మోచేయి తగలకుండా, 20 అంగుళాల వెడల్పు తీసుకోవాలి. వరుసకూ వరుసకూ మధ్య దూరాన్ని ఒక కుర్చీ వీపు నుంచి వెనుక కుర్చీ వీపు దాకా కొలుస్తారు. 3 అడుగులు పెడితే, కుర్చీ లోతు 20 అంగుళాలు పోగా, మనిషి దూరి వెళ్లడానికి 16 అంగుళాలు మిగులుతాయి. అమెరికా నిబంధనల్లో ఈ ఖాళీకి కనీస కొలత 12 అంగుళాలు. రెండు వైపులా నడవా ఉన్న వరుసలో ఆ ఖాళీతో 14 కుర్చీల దాకా వేయవచ్చు, ఒకవైపే నడవా ఉంటే 7 దాకా. 12 అంగుళాలు చట్టానికి సరిపోవచ్చు గాని, ఒళ్లో సంచీ పెట్టుకున్న మనిషిని దాటి వెళ్లాలంటే ఆ మనిషి లేచి నిలబడవలసిందే. గంట దాటిన ఏ సభకైనా 3 అడుగులకు తగ్గవద్దని నా సలహా.

మన గదిలో 40 అడుగుల వెడల్పులో మధ్యన ఒకటి, గోడల వెంట రెండు, మొత్తం మూడు నడవాలకు నాలుగేసి అడుగులు వదిలితే 28 అడుగులు మిగులుతాయి. ఒక్కో వైపు 14 అడుగులు, అంటే 168 అంగుళాలు, అందులో 8 కుర్చీలు. వరుసకు 16. పొడవులో 38 అడుగులకు 12 వరుసలు. మొత్తం 192 కుర్చీలు. గదిలో రెండు స్తంభాలు ఉన్నాయనుకుందాం. స్తంభం ఆక్రమించే చోటు ఒక్క కుర్చీదే అయినా, దాని వెనుక వరుసగా నాలుగైదు కుర్చీల నుంచి వేదిక కనిపించదు. అలా పదింటిని తీసేస్తే 182. చక్రాల కుర్చీలో వచ్చేవారికి ఒక్కొక్కరికి కనీసం 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు ఉన్న చోటు కావాలి. అది వరుస చివర, నడవాను ఆక్రమించకుండా, తోడుగా వచ్చినవారి పక్కనే ఉండాలి. ఇద్దరి కోసం ఆరు కుర్చీలు తీస్తే 176, ఆ ఇద్దరినీ కలుపుకుంటే చివరి అంకె 178. విస్తీర్ణపు లెక్క 217 చెప్పిన గది ఇది.

తెర మీద ఏదైనా చూపించే సభ అయితే ఇంకొక కోత పడుతుంది. చివరి వరుసకూ తెరకూ మధ్య దూరం తెర ఎత్తుకు 6 రెట్లు దాటితే చిన్న అక్షరాలు చదవడం కష్టమని వాడుకలో ఉన్న లెక్క. మన గదిలో వేదిక వెనుక గోడకు తెర కడితే చివరి వరుస 52 అడుగుల దూరంలో ఉంటుంది, అంటే తెర ఎత్తు దాదాపు 9 అడుగులు కావాలి. ఉన్న తెర 6 అడుగులదే అయితే 36 అడుగుల దాకానే చదవగలరు, అది ఆరో వరుసతో అయిపోతుంది. పట్టికలు చూపించి వివరించే శిక్షణకు ఆ గది సామర్థ్యం 178 కాదు, 100 లోపే.

రాసుకోవడానికి బల్లలు కావాలంటే సంఖ్య ఇంకా పడిపోతుంది. 6 అడుగుల బల్లకు ఇద్దరు చొప్పున, వరుసల మధ్య 5 అడుగుల దూరంతో, ఒక్కో వరుసకు నాలుగు బల్లల లెక్కన 7 వరుసల్లో 56 మంది వస్తారు. ముగ్గురిని ఇరికిస్తే 84. విందుకు వాడే 5 అడుగుల గుండ్రటి బల్ల చుట్టూ 8 మంది సౌకర్యంగా కూర్చుంటారు. పది కుర్చీలు వేయడం సాధ్యమే, కానీ కూర్చున్నవారు మోచేతులు దగ్గరకు ముడుచుకోవాలి. కుర్చీ వెనక్కి జరపడానికి, వడ్డించేవారు తిరగడానికి చోటు కలుపుకొని బల్ల నడిమి నుంచి బల్ల నడిమికి 10 అడుగులు వదిలితే మన స్థలంలో అడ్డంగా 4, నిలువుగా 3, మొత్తం 12 బల్లలు, 96 మంది. ఇది విస్తీర్ణపు లెక్క ఇచ్చిన 101కి దగ్గరగానే ఉంది. కుర్చీల విషయంలో 217కూ 178కీ వచ్చినంత తేడా ఇక్కడ రాలేదంటే, మనిషికి 15 చదరపు అడుగుల ప్రమాణంలో నడవాలకు కూడా చోటు దొరికింది కాబట్టే.

తలుపులు చెప్పే అంకె

లోపల ఎన్ని కుర్చీలు పట్టాయన్నది సగం లెక్కే. అందరూ ఒక్కసారిగా బయటపడాలంటే దారి ఎంత ఉంది అన్నది మిగతా సగం, నా దృష్టిలో ముఖ్యమైన సగం.

ఒకసారి ఒక సభ కోసం నేను చూసిన హాలుకు పటంలో రెండు ద్వారాలు ఉన్నాయి. రెండోది వేదిక పక్కన, ఒక మందపాటి తెర వెనుక ఉందన్నారు. తెర జరిపితే తలుపు ఉంది, కానీ దానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చి ఉన్నాయి, గడియకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలుసుకోవడానికి అరగంట పట్టింది. తాళం తీశాక చూస్తే తలుపు లోపలికి తెరుచుకుంటోంది. పటంలో రెండు ద్వారాలున్న ఆ హాలుకు ఆ రోజు నిజంగా ఉన్నది ఒక్కటే. అప్పటి నుంచి ఏ హాలు చూసినా ప్రతి తలుపునూ నా చేత్తో తెరిచి, అవతలి వైపు నడిచి, ఆ దారి వీధి దాకా వెళుతుందో లేక ఏ గిడ్డంగిలోనో ఆగిపోతుందో చూసుకుంటున్నాను.

1942 నవంబరు 28న బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్‌లో మంటలు చెలరేగి 492 మంది చనిపోయారు. అనుమతించిన సంఖ్య 460 కాగా ఆ రాత్రి లోపల సుమారు 1,000 మంది ఉన్నారని అంచనా. ప్రధాన ద్వారం తిరుగుడు తలుపు కావడంతో తోసుకొచ్చిన జనానికి అది ఇరుక్కుపోయింది. ఇతర తలుపుల్లో కొన్నిటికి తాళాలు ఉన్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి. తిరుగుడు తలుపు పక్కనే మామూలు తలుపులు ఉండి తీరాలన్న నియమం అనేక చోట్ల ఆ తర్వాతనే గట్టిపడింది.

కొలవవలసింది తలుపు చట్రం వెడల్పు కాదు, రెక్క పూర్తిగా తెరిచినప్పుడు మనిషి దూరడానికి మిగిలే ఖాళీ. 3 అడుగుల తలుపులో రెక్క మందం, చట్రం గాడి పోగా 34 అంగుళాల దాకానే మిగులుతుంది. అమెరికా నిబంధనావళి మామూలుగా సమతలంలో ఉన్న ద్వారానికి మనిషికి 0.2 అంగుళాలు, మెట్లకు 0.3 అంగుళాలు లెక్కకడుతుంది. అంటే 34 అంగుళాల ద్వారం 170 మందికి సరిపోతుంది. ఆ నిబంధనల ప్రకారం 50 మందికి చేరిన సభాస్థలానికి కనీసం రెండు దారులు కావాలి, తలుపులు బయటికి తెరుచుకోవాలి. ఆ రెండు దారులు పక్కపక్కనే ఉంటే లాభం లేదు. గది కర్ణంలో సగానికి తగ్గని దూరం ఉండాలి, మంటలార్పే నీటిజల్లు వ్యవస్థ ఉంటే మూడో వంతు చాలు. మన గది కర్ణం 72 అడుగులు కనుక తలుపుల మధ్య 36 అడుగులు ఉండాలి.

మన గదికి వెనుక గోడకు 6 అడుగుల రెండు రెక్కల తలుపు, వేదిక పక్కన 34 అంగుళాల ఖాళీ ఉన్న తలుపు ఉన్నాయనుకుందాం. అమెరికా లెక్కన పెద్ద ద్వారం 300 మందికి పైగా, చిన్నది 170 మందికి సరిపోతాయి కాబట్టి 178కి ఇబ్బంది లేదు. ఇంగ్లండ్ మార్గదర్శకం మాత్రం వేరే ప్రశ్న వేస్తుంది: మంట సరిగ్గా ఆ పెద్ద ద్వారం దగ్గరే పుడితే? అందుకని ఒక ద్వారం పనికిరాదని అనుకుని, మిగిలినదానితోనే అందరూ బయటపడగలరా అని చూస్తుంది. అక్కడ 850 మిల్లీమీటర్ల ద్వారం 110 మందికి, 1,050 మిల్లీమీటర్ల ద్వారం 220 మందికి సరిపోతుందని లెక్క. మన చిన్న ద్వారం సుమారు 864 మిల్లీమీటర్లు, కాబట్టి 110 దగ్గరే ఆగాలి. జానెడు వెడల్పు తగ్గినందుకు 68 కుర్చీలు ఎత్తేయాలన్నమాట. మీ ప్రాంతంలో ఏ నిబంధన అమల్లో ఉంటే అదే చెల్లుతుంది, హాలుకు అగ్నిమాపక శాఖ ఇచ్చిన పత్రంలో సంఖ్య ఉంటే మీ లెక్క ఎంత వచ్చినా దానిని దాటకూడదు. అయినా ‘పెద్ద తలుపు మూసుకుపోతే?’ అన్న ప్రశ్న ఏ ప్రాంతంలోనైనా వేసుకోదగినదే. నేనైతే ఈ గదికి 110 అనే రాసుకుంటాను.

కంటికి కనిపించని హద్దులు

ఊరికే కూర్చున్న మనిషి శరీరం కూడా సుమారు 100 వాట్ల వేడిని విడుదల చేస్తుంది. 178 మంది అంటే దాదాపు 18 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తొలగించగలిగేది 3.5 కిలోవాట్లు కనుక, ఎండ, దీపాలు లెక్కలోకి రాకముందే, మనుషుల వేడికే ఐదు టన్నులు కావాలి. గదిలో ఉన్నది మూడు టన్నులైతే గంట గడిచేసరికి తలుపులు తెరవక తప్పదు.

మేడ మీది గది అయితే నేల బలం కూడా అడగాలి. ఇళ్ల గదుల నేలను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల భారానికి రూపొందిస్తారు. సభాస్థలాలకు విడి కుర్చీలున్నప్పుడు దాదాపు 500 కిలోలు తీసుకుంటారు. చదరపు మీటరుకు నలుగురు నిలబడితే, మనిషికి 70 కిలోల చొప్పున, 280 కిలోలు అవుతుంది. నివాసం కోసం కట్టిన మేడ గదిలో నిలబడే వేడుక పెట్టేముందు ఇంజనీరును అడగడం అందుకే.

మరుగుదొడ్లు, వాహనాలు నిలిపే చోటు చూసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

అంకె ఖాయమయ్యాక

తేలిన సంఖ్యలో అతిథులు మాత్రమే ఉండరు. నిర్వాహకులు, సౌండ్ చూసేవారు, ఫొటోగ్రాఫర్లు, వడ్డించేవారు, ఒడిలో కూర్చునే పిల్లలు కూడా గదిలో ఉన్న మనుషులే, తలుపు గుండా వెళ్లవలసినవారే. 110 వచ్చి, పనివారు 12 మంది ఉంటే ఆహ్వానాలు 98 మందికే. పిలిచినవారందరూ రారు కదా అని ఎక్కువమందిని పిలిచే అలవాటు చాలామందికి ఉంది. అలా పిలిచేవారు, అందరూ వచ్చిన రోజున ఎవరిని బయట నిలబెడతారో కూడా ముందే అనుకుని ఉండాలి.

కుర్చీల పటాన్ని గళ్ల కాగితం మీద, గడికి ఒక అడుగు చొప్పున గీసి, నడవాలకు రంగు వేసి, కుర్చీలు వేసేవారి చేతికి ఇవ్వండి. నోటిమాటగా చెబితే నాలుగు అడుగుల నడవా సాయంత్రానికి రెండు అడుగులవుతుంది, ఎందుకంటే ఆలస్యంగా వచ్చినవారికి వేసే అదనపు కుర్చీలు పడేది అక్కడే. వరుసలోని కుర్చీలను ఒకదానికొకటి బిగించి కడితే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. మిగిలిపోయిన కుర్చీలను గదిలో మూలన పేర్చకుండా బయటికి పంపేయాలి.

కార్యక్రమం రోజున ద్వారం దగ్గర ఒకరిని కూర్చోబెట్టి, లోపలికి వచ్చినవారినీ బయటికి వెళ్లినవారినీ విడివిడిగా లెక్కపెట్టించండి. ఒకటి కంటే ఎక్కువ ప్రవేశ ద్వారాలు ఉంటే ప్రతి ద్వారం దగ్గరా ఒక మనిషి ఉండి, పది నిమిషాలకోసారి లెక్కలు కలుపుకోవాలి. సంఖ్య గరిష్ఠానికి పది తక్కువగా ఉన్నప్పుడే ఆ మనిషి నిర్వాహకులకు కబురు పంపాలి. తలుపు మూయించే అధికారం ఎవరిదో ఆ ఉదయమే పేరుపెట్టి చెప్పి ఉంచాలి.